వారంటీ బల్లి

తెల్లవారుజామునే లేచి, వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టాక నాగరత్నమ్మ నేరుగా బండి దగ్గరికి వెళ్ళేది. రాత్రి బండి కింద పెట్టిన సత్తుగిన్నెను జాగ్రత్తగా బయటికి లాగి వెలుతురుకు పట్టి చూసేది. అందులో నల్లటి ఇంజను నూనె ఉండేది. నిన్నటికంటే ఎక్కువా తక్కువా అని వేలు ముంచి చూసుకుని నిట్టూర్చేది.

ఆర్నెల్ల కిందట అదే వేళకు, అదే చోట, ఆమె ఆవు పొదుగు కింద చెంబు పెట్టుకుని కూర్చునేది. పుట్టింటి నుంచి దూడగా తోలుకొచ్చుకున్న ఆవు. దాన్ని పలమనేరు సంతలో అమ్మి, చాలని దానికి చేతి గాజులు కలిపి, కొడుకు దొరస్వామి పేరు మీద ఎర్రటి మోటారు సైకిలు కొన్నది. ఆవు కట్టుగొయ్య పీకేసిన చోటనే బండిని నిలబెట్టారు. ఐరాలలో ఆ వీధికంతా అదే మొదటి మోటారు సైకిలు. చూడవచ్చిన వాళ్ళంతా దాని తల నిమిరి, "ఎంతిస్తాది మే?" అని అడిగారు. ఆవు గురించి అడిగినా అంతే ఇదిగా అడిగేవాళ్ళు.

బండి కొన్నది ఉద్యోగం కోసం. చిత్తూరు డెయిరీ వాళ్ళు ఐరాల చుట్టూ ఎనిమిది పల్లెలకు ఒక సూపర్వైజరు కావాలన్నారు. పొద్దున్నే పల్లెపల్లెకూ తిరిగి, పాలు పరీక్ష చేసి, క్యాన్లు లారీకి ఎక్కించాలి. సొంత బండి ఉన్నవాళ్ళకే పని. బండి దసరాకే వచ్చేసింది కానీ ఉద్యోగం కాయితం మార్చి నెలకు గానీ రాలేదు. ఏప్రిల్ పదహారున బండితో సహా వచ్చి చేరాలనీ, బండిని డెయిరీ ఇంజనీరు చూస్తాడనీ, అది బాగాలేకపోతే జాబితాలో రెండో పేరువాణ్ణి పిలుస్తామనీ అందులో ఉంది. రెండో పేరువాడికీ బండి ఉంది. అది కారదు కూడా.

ఇంతకీ నాగరత్నమ్మ నిట్టూర్పుకు ఇంకో కారణం ఉంది. అది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

కారడం మొదలైన వారానికి బండి దగ్గడం కూడా మొదలుపెట్టింది. సొంత కొడుకునే కాక ఇద్దరు చెల్లెళ్ళ బిడ్డల్ని కూడా పెంచిన చెయ్యి ఆమెది. నెలకోసారి ఆముదం పట్టకపోతే ఏ బిడ్డకైనా కడుపు చెడుతుందని ఆమెకు తెలుసు. మరి ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఈ బండికి ఒక్కసారైనా పట్టారా? ఒక శనివారం దొరస్వామి తలంటుకుంటున్న వేళ, ఇంట్లో కాచిన ఆముదాన్ని గోరువెచ్చగా చేసి, వాడు నూనె చూడటానికి విప్పే మూతను తనూ విప్పి, గరిటెడు పోసింది. మూత బిగించి, కొంగుతో మూతి తుడిచింది. దగ్గు తగ్గినట్టే అనిపించింది. ఇంకో రెండు శనివారాలు పట్టింది. కారడం మాత్రం తగ్గకపోగా రోజురోజుకూ ఎక్కువైంది. బిడ్డ బతుకు కోసం కొన్న బండిని తన చేతులతోనే చెడగొట్టానేమోనని అప్పటి నుంచీ ఆమె భయం.

మార్చి ఆఖర్లో ఒక పొద్దున దొరస్వామి వారంటీ కాయితం జేబులో పెట్టుకుని చిత్తూరుకు బయల్దేరాడు.

"నేనూ వస్తా," అంది నాగరత్నమ్మ.

"నువ్వెందుకు మా?"

"నేను పక్కనుంటే బండి బెదరదు."

నిజానికి బెదిరేది బండి కాదు. దొరస్వామి రెండు కాళ్ళూ చెరోవైపు చాచి, నేల ఎప్పుడు అందుతుందా అని వెతుక్కుంటూ నడిపేవాడు. ఎదురుగా బస్సు కనబడితే రోడ్డు దిగి, అది పోయి దుమ్ము అణిగిన తర్వాతే మళ్ళీ ఎక్కేవాడు. దారిలో రెండుసార్లు ఆగి నూనె పోసుకుని, ఎండ నెత్తికెక్కే వేళకు, బండి కొన్న సుబ్రమణ్యం శెట్టి షాపు చేరారు.

శెట్టి షాపులో గోడ మీద, ట్యూబులైటుకూ లక్ష్మీదేవి పటానికీ నడుమ ఒక బల్లి ఉండేది. శెట్టి వాళ్ళ నాయన సైకిళ్ళు అమ్మే కాలం నుంచీ ఉంది. దాని ఎదుట నిలబడి నిజం చెబితే పలుకుతుంది, నిజం కాని మాట చెబితే పలకదు. అందుచేత వారంటీ వ్యవహారాలన్నీ దాని ఎదుటే జరిగేవి. కంపెనీ వాళ్ళ కాయితంలో ఇంజను నంబరు, కొన్న తేదీ తర్వాత "బల్లి పలికినదా?" అని ఒక గడి ఉంటుంది. మొదట్లో ఆ గడి లేదు. మద్రాసు నుంచి తనిఖీకి వచ్చిన కంపెనీ మనిషి, తాను రైల్లో ఫస్టు క్లాసులో వచ్చానని శెట్టితో అన్నప్పుడు బల్లి కిక్కురుమనలేదు. ఆయన తిరిగిపోయిన నెలకే కొత్త కాయితాలు అచ్చయి వచ్చాయి.

గుమాస్తా జయరామ్ అలాంటి కాయితం ఒకటి బల్ల మీద పరిచి, పెన్ను మూత తీశాడు. బల్లి పలికినప్పుడల్లా బల్లను మూడుసార్లు వేలితో తట్టి "కృష్ణ కృష్ణ" అనుకోవడం కూడా అతని డ్యూటీలోనే ఉంది.

"గోడ పక్క తిరిగి చెప్పప్పా," అన్నాడు.

దొరస్వామి ఒక్క గుక్కలో చెప్పేశాడు. "నా పేరు దొరస్వామి. మాది ఐరాల. బండి కొని ఐదున్నర నెలలైంది. రెండు నెల్లుగా ఇంజన్లో నుంచి నూనె కారతాండాది. కంపెనీ చెప్పిన నూనె తప్ప ఇంకోటి పొయ్యలేదు."

బల్లి పలకలేదు.

సుబ్రమణ్యం శెట్టి కళ్ళజోడు సర్దుకున్నాడు. మనిషి మంచివాడు. బండి అమ్మేటప్పుడు ఎంత మర్యాదగా మాట్లాడతాడో, అమ్మిన తర్వాత కూడా అంతే మర్యాదగా మాట్లాడే వ్యాపారి. "ఆత్రం వద్దప్పా. మాటకు మాట ఇడదీసి చెప్పు. యాడ తగులుకుంటాదో సూద్దాం," అన్నాడు.

"నా పేరు దొరస్వామి."

బల్లి పలికింది. జయరామ్ తట్టాడు.

"బండి కొని ఐదున్నర నెలలైంది." పలికింది. "రెండు నెల్లుగా నూనె కారతాండాది." పలికింది.

"కంపెనీ చెప్పిన నూనె తప్ప ఇంకోటి పొయ్యలేదు."

ట్యూబులైటు జుంయ్‌మంటున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"దేవుడి మీద ఒట్టు సార్, నేను పొయ్యలేదు!" అన్నాడు దొరస్వామి ఏడుపు గొంతుతో.

దానికి బల్లి వెంటనే పలికింది.

"అట్లయితే ఇంకెవురో పోసినారు," అన్నాడు శెట్టి. "ఇంట్లో ఎవురెవురుంటారప్పా?"

"నేనూ, మా యమ్మ."

అందరూ బెంచీ మీద కూర్చున్న నాగరత్నమ్మ వైపు తిరిగారు. చెబితే బండి బాగుచేయరు. చెప్పకపోతే బల్లి పలకదు కాబట్టి అప్పుడూ చేయరు. రెండు వైపులా గొయ్యే అయినప్పుడు నిజం వైపు దూకడమే మేలనుకుని లేచి నిలబడింది.

"నేనే పోసినా. ఆముదం. గరిటెడు గరిటెడు. మూడు శనివారాలు."

బల్లి పలికింది. దొరస్వామి ముఖం మాత్రం తానే ఆముదం తాగినట్టయింది.

"ఇంజన్లో ఆముదమా! ఎవురైనా పోస్తారా మా?"

"ఎందుకు పొయ్యరు? నీకు పొయ్యలేదా? నువ్వేం చెడిపోయినావా?"

బల్లి ప్రశ్నలకు పలకదు. పలికే పనైతే అప్పుడు పలికేదే.

షెడ్డులో నుంచి మెకానిక్ ఏకాంబరం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నవ్వు ఆపుకోలేక అతని బొజ్జ ఊగుతోంది. "అదా సంగతి! బండి లోపలికి వస్తానే మా యమ్మ గుర్తుకొచ్చింది. ఎందుకబ్బా అనుకున్నా. అంతా ఆముదం వాసన!"

శెట్టి మాత్రం నవ్వలేదు. కాయితం వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాల మీద వేలు పెట్టాడు. "అమ్మా, ఈడ రాసి ఉండాది. వేరే నూనె పోస్తే వారంటీ లేదు. నా చేతుల్లో ఉండేదైతే చేసిపెట్టనా?"

నాగరత్నమ్మ కొడుకు ముఖం చూసింది. వాడు తిట్టి ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది. తల వంచుకుని, వారంటీ కాయితాన్ని మడతల ప్రకారం మళ్ళీ మడవబోతున్నాడు. ఆ వేళ్ళు చూసేసరికి ఆమెకు దుఃఖం, దాని వెనకే రోషం వచ్చాయి. శెట్టిని వదిలేసి, సరాసరి గోడతోనే మాట్లాడింది.

"బండి కారబట్టే నేను మూత ముట్టుకున్నా. కారేది ముందు, ఆముదం పోసింది తర్వాత. అది కారకుండా ఉంటే దాని జోలికే పోయేదాన్ని కాదు."

బల్లి పలికింది. కాస్త ఆగి ఇంకోసారి కూడా పలికింది.

"అక్క చెప్పింది న్యాయమే సార్," అన్నాడు ఏకాంబరం. "ముందు రోగం, తర్వాత మందు. మందు పోసినందుకే రోగం వచ్చిందంటే ఎట్లా? ఉండండి, అదేందో ఇప్పుడే తేల్చేస్తా."

ఇంజనును కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాడు. పక్కింటి నుంచి చారెడు ముగ్గుపిండి అడిగి తెచ్చి దానికంతా చల్లి, బండి స్టార్టు చేశాడు. అందరూ గుంపుగా వంగి చూశారు. తెల్లటి పిండి మీద, మూతకు జానెడు దూరాన, ఒక నల్లటి చుక్క తేలింది. చూస్తూండగానే అది గీతై కిందికి జారింది.

"అతుకు కాదు, మూత కాదు. ఇంజను పెట్టెను పోత పోసేటప్పుడే గాలిబుడగ నిలిచిపోయింది. సూది మొనంత బొక్క. ఇది కంపెనీ తప్పే," అన్నాడు ఏకాంబరం. షెడ్డులో నుంచి అన్నా కూడా బల్లి పలకడం షాపు దాకా వినబడింది. "ఇంకో మాట చెప్పనా అక్కా? పాతకాలంలో రేసు బండ్లకు ఆముదమే పోసేవాళ్ళంట. నువ్వు పోసినందుకు దానికేం చెడుపు కాలేదు. కడుపు చల్లగానే ఉండాది."

దానికీ బల్లి పలికింది. నాగరత్నమ్మ అక్కడే, నూనె మరకల నేల మీద, కాళ్ళు బారజాపుకుని కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

బల్లి పలికినట్టు రాసిన కాయితం మద్రాసుకు పోయి, అక్కడి నుంచి కొత్త ఇంజను పెట్టె లారీలో వచ్చి, బండికి ఎక్కేసరికి ఏప్రిల్ పదో తేదీ అయింది. తల్లీ కొడుకూ బస్సులో వచ్చారు. బండి కింద ఏకాంబరం పరిచిన తెల్లటి కాయితం తెల్లగానే ఉంది. ఇక మిగిలింది ఒక్కటే గడి. జయరామ్ చదివాడు: "యజమాని స్వయముగా నడిపి చూచి సంతకము చేయవలెను."

"నేనే యజమానిని. ఇట్లియ్యన్నా, సంతకం పెడతా," అన్నాడు దొరస్వామి.

బల్లి పలకలేదు.

జయరామ్ రిజిస్ట్రేషను పుస్తకం తిరగేశాడు. "పేరు నీదే గదప్పా," అన్నాడు. పుస్తకం సంగతి బల్లికి పట్టలేదు.

"వాడిదే బండి. వాడి కోసమే కొన్నా," అంది నాగరత్నమ్మ కంగారుగా. రెండో మాటకు బల్లి పలికింది. మొదటి మాటకు పలకలేదు.

"మరి ఎవురిదమ్మా?" అన్నాడు శెట్టి.

ఆమె గాజులు లేని చేతులు చూసుకుంది. "ఆవు నాది," అంది. పలికింది. "గాజులు నావి." పలికింది. "అట్లయితే... బండి నాదే."

బల్లి గట్టిగా పలికింది. నాగరత్నమ్మ తన మాటకు తానే ఉలిక్కిపడింది. ఇల్లు మామగారిది, చేను మొగుడిది, మొగుడు పోయిన ఆరేళ్ళ నుంచీ ఆ చేను కొడుకుది. నలభై ఎనిమిదేళ్ళలో 'ఇది నాది' అని ఇంత గట్టిగా ఆమె ఎక్కడా అని ఎరగదు. అనాలని కూడా తోచలేదు.

"అంటే ఆయమ్మ నడపాల్నా?" అన్నాడు జయరామ్.

"కాయితంలో అట్లనే ఉండాది గదా," అన్నాడు శెట్టి. "పదహైదో తేదీతో వారంటీ సరి. ఆ లోపల సంతకం పడకపోతే కొత్త పెట్టె విప్పి మద్రాసుకు పంపాల."

"అయ్యో, పుట్టి బుద్ధెరిగి నేను సైకిలు కూడా తొక్కలేదప్పా!"

అదీ నిజమే కాబట్టి బల్లి పలికింది.

అలా ఆ సాయంత్రం నుంచి షాపు దగ్గరి హైస్కూలు గ్రౌండులో ఏకాంబరం ఆమెకు బండి నేర్పాడు. నాగరత్నమ్మ నాట్లకు దిగినట్టు చీర గోచీ పోసి బిగించుకుంది. మొదటి రోజు బండి ఎగిరి ఎగిరి ఆగిపోయింది. "పలుపు గుంజినట్టు గుంజొద్దక్కా! క్లచ్చి మెల్లిగా ఇడు. పొదుగు మీద చెయ్యి వేసినట్టు మెల్లిగా," అని ఏకాంబరం అరిచాడు. ఆ ముక్క ముందే చెప్పాలి గదప్పా అని ఆమె గొణిగింది. రెండో రోజు ఒకసారి పడి మోకాలు గీరుకుంది, ఇంకోసారి వాలీబాలు స్తంభాన్ని పడగొట్టింది. మూడో రోజు దొరస్వామి వెనక సీటు పట్టుకుని పరుగెత్తాడు. కాస్త దూరం పోయాక వాడి చేతిలో సీటు లేదు. బండి గ్రౌండు చుట్టూ తిరిగి, మళ్ళీ వాడి ముందు నుంచే పోయింది. దాని మీద వాళ్ళమ్మ నవ్వుతోంది. అంత పెద్దగా ఆమె నవ్వడం దొరస్వామి ఎన్నడూ వినలేదు. పరుగు ఆపి, నిలబడి, చప్పట్లు కొట్టాడు.

పదిహేనో తేదీ పొద్దున షాపు ముందర అందరూ నిలబడ్డారు. గ్రౌండు దాకా పోయి తిరిగి రావాలి, పది నిమిషాల పని. నాగరత్నమ్మ కిక్కు కొట్టి, క్లచ్చి మెల్లిగా వదిలి, మలుపు తిరిగి కనబడకుండా పోయింది. పది నిమిషాలైంది. అరగంటైంది. దొరస్వామి వీధి చివరి దాకా నాలుగుసార్లు పోయి వచ్చాడు. శెట్టి కుర్చీ బయట వేయించుకున్నాడు. గంట దాటిన తర్వాత ఎర్రటి బండి వచ్చి, సరిగ్గా గీత గీసినట్టు షాపు ముందర ఆగింది. ఆమె జుట్టుముడి ఊడిపోయి, ముఖం నిండా దుమ్ము పట్టి ఉంది.

"యాడికి పోయినావు మా?"

"పలమనేరు రోడ్డు నున్నగా ఉండాది నాయనా. పోతా ఉంటే పోబుద్దయింది."

జయరామ్ కాయితం ముందుకు జరిపాడు. "బండి కారతాందా అమ్మా?"

"సుక్క కూడా ల్యా." బల్లి పలికింది.

"యజమానికి తృప్తేనా?"

మొగుడు పోయిన నాటి నుంచీ ఎవరు పలకరించినా ఆమె చెప్పే జవాబు ఒక్కటే. 'నాకేమప్పా, బాగుండా.' ఆ మాటే అలవాటుగా నోటికి వచ్చింది కానీ, ఈ గోడ ముందర అనడానికి ఎందుకో జంకింది. కాస్త ఆలోచించి అంది. "ఈ పొద్దు సంతోషంగా ఉండాను."

బల్లి పలికిందే పలికింది. లెక్క తప్పి జయరామ్ బల్ల తట్టడం ఆపి, నవ్వుతూ పెన్ను ఆమె చేతికిచ్చాడు. నాగరత్నమ్మ ఒక్కో అక్షరం దిద్ది సంతకం పెట్టింది.

"ఇంకేమప్పా దొరస్వామీ, రేపు పొద్దున డెయిరీకి జోరుగా తోలుకుపోతావు గదా?" అన్నాడు శెట్టి, పెళ్ళి అయిపోయిన ఇంట్లో పెద్దమనిషిలా.

"బండి తోలేదంటే నాకు సరదానే సార్," అన్నాడు దొరస్వామి.

బల్లి పలకలేదు. దొరస్వామి గోడ వైపు చూశాడు, తర్వాత వాళ్ళమ్మ వైపు చూశాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాకు బండంటే బయం మా. మొదట్నించీ బయమే. నువ్వు ఆవును అమ్మి కొన్నావని చెప్పలేదు. పాలు పరీక్ష చేసేదంటే నాకు ప్రాణం. నీళ్ళు కలిపినారా, వెన్న ఎంతుండాది, అంతా చెప్తా. హ్యాండిలు పట్టుకుంటే మాత్రం కాళ్ళు నేలను ఎతుక్కుంటాయి."

బల్లి మెల్లిగా పలికింది. జయరామ్ కూడా మెల్లిగానే తట్టాడు.

నాగరత్నమ్మ కొంగుతో కొడుకు ముఖం తుడిచింది. బండి మీది దుమ్ము కూడా అదే కొంగుతో తుడిచింది. తాళంచెవి నడుముకు దోపుకుంది.

"దానికేడుస్తారా ఎవురైనా? రేపట్నించి ఎనిమిది పల్లెలూ నేను తోలతా. నువ్వు ఎనకాల కూసోని పాలు చూడు."

ఆ బల్లి జరిగినదానికే గానీ, జరగబోయేదానికి పలికి ఎరగదు. శెట్టి వాళ్ళ నాయన కాలం నుంచీ అది అందరికీ తెలిసిన సంగతే. అయినా అందరూ తలలెత్తి గోడ వైపే చూస్తున్నారు.

బల్లి పలికింది.

జయరామ్ బల్లను మూడుసార్లు తట్టి, ఏ గడిలో రాయాలో తెలియక, కాయితం అంచున ఖాళీ ఉన్నచోట తేదీ వేసి రాశాడు: "పలికినది."